కుక్కకు పట్టని చెమట

మా ఇంట్లో కుక్కలకు దక్కే మర్యాద నాకు దక్కదని ఎవరైనా అంటే నేను కాదనను. కింద ఆసుపత్రి, పైన కాపురం. కింద ఏసీ, పైన ఫ్యాను. దెబ్బ తగిలిన కుక్క ఏదైనా వచ్చిందంటే నా కొడుకూ కోడలూ కంచంలో చెయ్యి కడిగేసుకుని మెట్లు దిగిపోతారు. కలిపిన అన్నం ముందు నేనొక్కదాన్నే కూర్చుని ఉంటాను.

మాది బెజవాడ, ఆటోనగర్ వెనక వీధి. మా అబ్బాయి జయరాజు పశువైద్యుడు. ఆవులూ గేదెలూ కాదు, కుక్కలూ పిల్లులూ. అందులోనూ టీకాలకీ జలుబులకీ రావద్దంటాడు. లారీ కింద పడ్డవీ, ఎలకల మందు తిన్నవీ, అపార్టుమెంటు బాల్కనీలోంచి జారిన పిల్లులూ, ఇలా ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టున్న ప్రాణాలే అతనికి కావాలి. కోడలు దీవెన డాక్టరు కాదు. ఒంట్లో గుండె, ఊపిరి, నరాలు ఎలా పనిచేస్తాయో చదివి, పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి మొగుడి ఆసుపత్రిలో ఒక గదిని ప్రయోగశాల చేసుకుంది. ఇక నేను ఎస్తేరు రాణిని. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కుక్కలంటే నాకు భయం లేదు, ప్రేమా లేదు. ఒకరి జోలికి ఒకరం పోకూడదని వాటికీ నాకూ ఒప్పందం.

క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని కిందికి దిగాను. బల్ల మీద గోధుమరంగు వీధికుక్క. బస్సు తగిలి పొట్ట చీలింది. మూతికి గుడ్డపట్టీ కట్టి ఉంది. అది జయరాజు పెట్టుకున్న శాసనం. దెబ్బ తిన్న కుక్క పెంచిన చేతినైనా కరుస్తుంది, ముందు మూతి కట్టు, తర్వాతే చెయ్యి వెయ్యి అంటాడు. చదువుకునే రోజుల్లో ఒకసారి మరిచిపోతే ఏమైందో అతని మణికట్టు మీది మచ్చ చెబుతుంది.

మత్తిస్తే గుండె ఆగిపోతుందనీ, ఇవ్వకుండా కోస్తే నొప్పికే పోతుందనీ జయరాజు చేతులు ముడుచుకుని నిలబడ్డాడు. దీవెన వెళ్లి పక్కనున్న బెంచీ మీద వెల్లకిలా పడుకుని తన ప్రయోగశాలలో తయారుచేసుకున్న పట్టీ ఒకటి మెడకు చుట్టుకుంది. దాని జత పట్టీని కుక్క మెడకు చుట్టమంది. గోడమీది తెరలో రెండు గీతలు కనిపించాయి. ఒకటి కుక్క గుండెది, పిచ్చిగా ఎగిరెగిరి పడుతోంది. రెండోది దీవెనది, తిన్నగా పోతోంది. చూస్తుండగానే పైగీత కిందిగీత దారిలోకి వచ్చింది. ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుని తల్లి అటూ ఇటూ నడుస్తుంటే ఆ నడకకి ఏడుపు సర్దుకుంటుంది చూడండి, అలాగ. కుక్క కళ్లు తెరుచుకునే ఉన్నాయి. జయరాజు కొయ్యాల్సింది కోసి, కుట్టాల్సింది కుట్టాడు. అది కదలలేదు.

తర్వాత పప్పన్నం తింటూ దీవెన నాకు చెప్పింది. గట్టి దెబ్బ తగిలిన ఒళ్లు తన్ను తాను నడుపుకోవడం మరిచిపోతుందట. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, నెత్తురు ఎటు పోవాలో, ఊపిరి ఎప్పుడు తీయాలో తెలియక తికమకపడి చచ్చిపోతుందట. ఆ కాసేపూ పెత్తనం ఇంకో ఒంటికి అప్పగిస్తే చాలు. మనిషి మెడలోని నరం చెప్పేదాన్ని పట్టీ వింటుంది, కుక్క మెడలోని నరానికి చెబుతుంది. పేరేం పెట్టావని అడిగితే ఇంకా పెట్టలేదంది. "తోడు అనే పెట్టు, అది చేసే పని అదేగా" అన్నాను. పేరు పెట్టినదాన్ని నేనే కాబట్టి ఆ తర్వాత జరిగినదాంట్లో నాకూ వాటా ఉన్నట్టే.

చలికాలమంతా తోడు పనిచేసింది. ఏలూరు నుంచీ తెనాలి నుంచీ కార్లలో, ఆటోల్లో, ఒకసారి పాల వ్యానులో కూడా తెచ్చారు. దీవెన పడుకోవడం, జయరాజు కుట్టడం, కుక్క తోకాడిస్తూ ఇంటికి పోవడం. నా కోడలు ఈ ఊరి కుక్కలన్నిటికీ అత్తగారైందని చర్చిలో వేళాకోళం చేసేదాన్ని.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. చలితోబాటు మా అదృష్టం కూడా పోయింది. ఆ తర్వాత వచ్చిన కుక్కలు ఒకటొకటిగా బల్ల మీదే పోవడం మొదలుపెట్టాయి. గుండె బాగానే ఉండేది, నెత్తురు ఆగేది, కుట్లు కుదిరేవి. కానీ ఎండలో పడి ఉండి వచ్చిన ఒళ్లు చల్లబడక కాగిపోయేది. ఆఖర్న చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుండేది. ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్ అని జనం నవ్వులాటకి అనే మాట మా ఇంట్లో ఎవరమూ అనలేకపోయేవాళ్లం.

వాళ్లు ఊరికే కూర్చోలేదు. ఏసీ పెంచారు. పక్కనే పడుకున్న దీవెనకి చలేసింది. ఆమె ఒళ్లు చలి అనుకుని వేడిని దాచుకోమని ఆజ్ఞ ఇస్తే, ఆ ఆజ్ఞ కుక్కకీ అందింది. అది ఇంకా కాగింది. ఐసు గడ్డలు కుక్క చంకల్లో పెట్టారు. కుక్క చర్మానికి తగిలిన చల్లదనం పట్టీలోంచి వెనక్కి వచ్చి దీవెనని వణికించింది. ఆమె వణికితే అది వణికింది. వణికితే వేడి పుడుతుందని నేను ఎనిమిదో తరగతికి ఎన్నిసార్లు చెప్పలేదు.

ఒకరోజు తెల్లటి పొమరేనియన్ పోయింది. దాన్ని తెచ్చిన ముసలాయన దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయాక దీవెన పైకి వచ్చి నా ఎదురుగా కూలబడింది. జాకెట్టు, చీర, జుట్టు, అన్నీ నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. నేను తువ్వాలు ఇచ్చాను. మెడ తుడుచుకుని ఆ తువ్వాలు వంక చాలాసేపు చూసింది.

"ఇది నాకు పట్టాల్సిన చెమట కాదత్తయ్యా," అంది. "దానికి పట్టాల్సింది."

నాకు వెంటనే అర్థమైంది. కుక్కకి ఒంటినిండా చెమట పట్టదు. పాదాల కింద కాస్త తడి తప్ప దానికి ఆ ఏర్పాటే లేదు. వేడెక్కితే నోరు తెరిచి, నాలుక వేలాడేసి, గబగబా రొప్పుతుంది. వేడి ఆ నోట్లోంచే పోవాలి. మనిషి ఒళ్లు పెత్తనం తీసుకుని 'వేడిగా ఉంది, చెమట పట్టించు' అని ఆజ్ఞ వేస్తే కుక్క ఒంట్లో ఆ ఆజ్ఞ వినే నాథుడే లేడు. రొప్పుదామంటే ఊపిరి దీవెన చేతిలో ఉంది, ఆమె ఏమో నిదానంగా పీలుస్తోంది. పైగా మా వాడి శాసనం ఒకటి. మూతి కట్టేశాడు.

జయరాజుకి చెబితే ముఖం పాలిపోయింది. తోడు ఉన్న కుక్క కరవదని మనకి డిసెంబరులోనే తెలుసు కదా, మరి మూతి ఎందుకు కడుతున్నావని దీవెన అడిగింది. అలవాటు అన్నాడు. ఆ సాయంత్రం గుడ్డపట్టీల డబ్బా ముందు పెట్టుకుని ఏడ్చాడు. ఏడవనీ అని ఊరుకున్నాను.

మూతి విప్పితే సగం సరిపోయింది. మిగతా సగం దీవెన ఒంట్లో ఉంది. కావాలని రొప్పితే చాలదు, నిద్రలో కూడా వేడి తగలగానే ఒళ్లు దానంతటది రొప్పాలి, చెమట ఊసే ఎత్తకూడదు. దానికి ఒకటే దారి కనిపెట్టింది. మా ఆసుపత్రిలోనే పడి ఉండే మూడుకాళ్ల ముసలి కుక్క ఒకటుంది, సుబ్బులు. పట్టీల దిశ తిప్పేసి, ఇప్పుడు సుబ్బులు ఒళ్లు చెబితే తన ఒళ్లు నేర్చుకునేట్టు చేసింది. రోజూ ఎండలో ఇద్దరూ డాబా మీద. సుబ్బులు నాలుక వేలాడేసి రొప్పుతుంటే పక్కన చాప మీద నా కోడలు, యూనివర్సిటీ గోల్డ్ మెడలిస్టు, నాలుక బయటపెట్టి హహహమంటూ రొప్పేది. ఎదురు డాబా మీద వడియాలు పెడుతున్న వరహాలమ్మగారు చూసి పాపం కంగారుపడి, మీరు చర్చివాళ్లనుకోండి, అయినా ఓసారి దిష్టి తీయించరాదా అని నన్ను అడిగింది. పరిశోధన అని చెప్పాను. మీ ఇష్టం అంది గానీ, ఆ తర్వాత వడియాలు అవతలి వైపు పెట్టుకుంది.

దీవెన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. నేర్చుకునే దాకా దిగలేదు. ఎండలు ముదిరే సరికి ఒక నల్ల లాబ్రడార్‌ని ట్రాక్టరు తొక్కిందని తెచ్చారు. తోడు పెట్టారు. కుక్కా మనిషీ ఒకే తాళంలో రొప్పారు. రెండు నాలుకలు. జయరాజు కుడుతున్నంతసేపూ థర్మామీటరు చూస్తూ నేనే అంకెలు చదివాను. అది బతికింది. ఆ తర్వాతవీ బతికాయి. ఎండాకాలంలో తోడు ఓడిపోలేదు ఇక.

ఓడిపోయేది ఇంకొకటి ఉందని నాకు బట్టల దగ్గర తెలిసింది.

మా ఇంట్లో ఉతకడానికి వేసేముందు బట్టలు నేను విదిలిస్తాను, జేబుల్లో మాత్రలూ సూదిమూతలూ ఉంటాయని. మే నెల బెజవాడలో విడిచిన జాకెట్టు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. చంకల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. నావి అలాగే ఉన్నాయి. దీవెనవి ఇప్పుడే ఇస్త్రీ చేసి తెచ్చినట్టున్నాయి. వరసగా చూశాను. రోజూ అంతే.

అడిగితే, ఈమధ్య చెమట పట్టడం తగ్గిందత్తయ్యా, హాయిగానే ఉంది అని తేలిగ్గా అనేసింది. నాతోనా? జీవితమంతా పిల్లల అబద్ధాలు విన్నదాన్ని. చెమట పట్టని మనిషి ఈ ఊళ్లో మధ్యాహ్నం పూట బజారుకెళ్తే తిరిగి రాకపోవచ్చు. కుక్కలాగా రొప్పి వేడి పోగొట్టుకోవడానికి మనిషి నోరు సరిపోదు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసే దాచింది.

దాచినది ఎన్నాళ్లో దాగలేదు. పాస్టరుగారి అమ్మాయి పెళ్లికి వెళ్లాం. చర్చి నిండా జనం, పట్టుచీరలు, పైగా కరెంటు పోయింది. వధూవరులు ప్రమాణాలు చేస్తుండగా నా పక్కన దీవెన ఊపిరి మారింది. చూస్తే ముఖం దానిమ్మగింజలా ఎర్రబడి, నోరు తెరుచుకుని, నాలుక బయటికి వచ్చేసి ఉంది. కొంగుతో మూసుకోబోయింది, ఒళ్లు మూసుకోనివ్వలేదు. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి నవ్వారు. ఎవరో దయ్యం అన్నారు కూడా. తర్వాత ఆమె నా ఒళ్లోకి ఒరిగిపోయింది. ఒంటిమీద చెయ్యి వేస్తే ఆ పెనమే.

బాప్తిస్మం తొట్టెలోని నీళ్లు తెచ్చి పోశారు. పోసినవాళ్లని దేవుడు చల్లగా చూడాలి. జయరాజు ఆమెని చేతుల మీద ఎత్తుకుని ఆంబులెన్సు దాకా పరిగెత్తాడు.

నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చెమట గ్రంథులకు ఏ లోపమూ లేదన్నాడు. వాటిని పిలవడం ఒళ్లు మరిచిపోయిందట. వదిలేస్తే మెల్లగా గుర్తు రావచ్చు, రాకపోవచ్చు. మళ్లీ ఒక్కసారి ఆ పట్టీ కడితే మాత్రం ఇక తన దగ్గరికి రానక్కర్లేదన్నాడు.

జయరాజు పట్టీలు రెండూ ఇనప బీరువాలో పెట్టి తాళం నా చేతికిచ్చాడు. దీవెనకి అడిగే ధైర్యం రాని చోటు నా నడుమే కాబట్టి అక్కడ దోపుకున్నాను. ఆమె పైన గదిలో, తడిగుడ్డలు కప్పుకుని, ఫ్యాను కింద. కిందికి వచ్చిన కుక్కలు మళ్లీ చనిపోవడం మొదలైంది. తెచ్చినవాళ్లు ఏడ్చుకుంటూ వెళ్లే చప్పుడు మెట్ల మీంచి పైకి వినిపించేది. ప్రతిసారీ దీవెన లేచి కూర్చునేది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని అడ్డం కూర్చునేదాన్ని.

వేరే ఎవరికైనా నేర్పుదామని జయరాజు ఒకసారి అన్నాడు. కాంపౌండరు ఆనందు నేను చేస్తానని ముందుకొచ్చాడు కూడా. దీవెన ఒప్పుకోలేదు. తెలియక నా ఒళ్లు ఎండబెట్టుకున్నాను, తెలిసి ఇంకొకరి బిడ్డ ఒళ్లు ఎండబెట్టమంటావా అంది. అది న్యాయమే. దానికి జవాబు కుర్చీలో కూర్చున్న నా దగ్గర ఉంది.

మర్నాడు ఉదయం ఆమెకి గంజి ఇస్తూ చెప్పాను, నాకు నేర్పమని.

ముందు నవ్వింది. తర్వాత కోప్పడింది. బీపీ మాత్రలు వేసుకుంటారు, ఈ వయసులో మీకు ఏదైనా అయితే ఆయనకి నేనేం చెప్పాలి అంది.

"బీపీ సంగతి తెరమీద చూసి చెప్పు. ఎనిమిదో తరగతి బీ సెక్షన్‌కి ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినా ఎగరని గుండె నాది," అన్నాను. "నీకు ముందు ఇంకా ఎన్ని ఎండాకాలాలున్నాయే? నాకెన్నున్నాయి? నేను ఇంట్లో కూర్చుని బతగ్గలను. నువ్వు బతకలేవు. నేర్పుతావా, లేకపోతే ఆ పట్టీలు తీసుకెళ్లి బందరు కాలవలో పారెయ్యనా?"

దీవెన ముఖం గోడవైపు తిప్పుకుంది. అటు తిరిగే, రేపు పొద్దున్నే టిఫిను తినకుండా రండి అంది. జయరాజు ససేమిరా అన్నాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కన్న మొండితనమే కదా, నాకు కొత్తేముంది. చివరికి నా గుండెకి అన్ని పరీక్షలూ చేయించి, తన గుండెకంటే అది బాగుందని తెలుసుకుని నోరు మూసుకున్నాడు.

అలా సుబ్బులుకీ నాకూ ఉన్న ఒప్పందం రద్దయింది. డాబా మీద అది చెబుతుంది, నేను నేర్చుకుంటాను. దీవెన నీడలో కూర్చుని తప్పులు దిద్దుతుంది. పట్టీ కట్టుకోగానే మొదట తెలిసింది వాసన. వరహాలమ్మగారింట్లో వేగుతున్న ఎండుమిరపకాయ, కింద గదిలోని మందులు, నా కొంగుకున్న పాత సబ్బు, అన్నీ విడివిడిగా వచ్చి ముక్కులో నిలబడ్డాయి. సుబ్బులుకి నా వాసన ఇష్టమని కూడా తెలిసింది. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ దాన్ని ఛీ అన్నదాన్ని.

కానీ రొప్పడం రాలేదు. ఊపిరి వేగం వచ్చింది, నాలుక రాలేదు. నవ్వితే కొంగు అడ్డం పెట్టుకోమని పెంచిన తరం మాది. క్లాసులో ఆవులించిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని. డాబా మీద పట్టపగలు నాలుక వేలాడెయ్యమంటే నా నోరు నా మాట వినేది కాదు. పళ్ల దాకా వచ్చి ఆగిపోయేది. ఒళ్లు నేర్చుకుందత్తయ్యా, మీరే నేర్చుకోలేదు అని దీవెన నవ్వేది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ రోడ్డు మీద తారు కరిగిన రోజున బాజీ వచ్చాడు. గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలే లారీ డ్రైవరు. చేతుల్లో ఎర్రటి నాటుకుక్క, దాని వెనక కాళ్ల దగ్గరంతా నెత్తురు. దాని పేరు క్లీనరట. లారీలో క్లీనరు సీటు దానిదేనట. టైరు మారుస్తుంటే కిందికి దూకింది, వెనక వస్తున్న కారు కొట్టింది.

"మనుషులెవరూ నాతో ఇన్నేళ్లు తిరగలేదమ్మా," అన్నాడు. అన్నాక గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

నేను బీరువా దగ్గరికి వెళ్లేసరికి దీవెన అక్కడే నిలబడి ఉంది. పైనుంచి ఎప్పుడు దిగిందో. చెయ్యి చాపింది తాళం కోసం. మీకింకా నాలుక రాలేదు, మీతో అయితే అది చచ్చిపోతుంది అంది. నాతో అయితే బతుకుతుంది అంది. రెండూ నిజమే. తాళం తీసి, పట్టీ నేనే తీసుకుని, బెంచీ మీద పడుకున్నాను. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అది పట్టీ మీదికి పోకుండా.

జయరాజు ఒక్క క్షణం నావైపు చూశాడు. తర్వాత కుక్క మెడకి పట్టీ కట్టాడు. మూతి కట్టలేదు.

నొప్పి వస్తుందనుకున్నాను. ముందు భయం వచ్చింది. నాది కాని భయం, దారీ తెన్నూ లేకుండా పరిగెత్తే భయం. దాని వెంట నేను పరిగెత్తలేదు. కూర్చోరా అన్నాను మనసులో, అల్లరి పిల్లవాడితో అన్నట్టు. తెర మీద పైగీత కిందికి దిగిందని దీవెన చెవిలో చెప్పింది. జయరాజు కొయ్యడం మొదలుపెట్టాడు. అప్పుడొచ్చింది వేడి. నడి ఎండలో తారురోడ్డు మీద పడి ఉన్న ఒంటి వేడి, కారం పూసినట్టు. నా వీపు తడిసింది. మెడ తడిసింది. చెమట, ఎందుకూ పనికిరాని నా చెమట, ధారగా కారింది.

"వేడి పెరుగుతోందమ్మా," అన్నాడు జయరాజు.

దీవెన నా చేతిలోంచి తన చెయ్యి లాక్కోబోయింది. పట్టీ విప్పి తను కట్టుకోవడానికి. లాక్కోనివ్వలేదు.

"అత్తయ్యా, నాలుక," అంది. ఏడుస్తోంది. "నాలుక బయటపెట్టండి. లేదా నన్ను వదలండి."

గోడ దగ్గర బాజీ చూస్తున్నాడు. తలుపు దగ్గర ఆనందు, ఇంకెవరో ఇద్దరు. నేను ఎస్తేరు రాణి టీచర్ని. ఈ వీధిలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్ల ముందు, నా కొడుకు ముందు, నా కోడలి కోసం నోరు తెరిచాను. నాలుక చాపి, గడ్డం దాకా వేలాడేసి, రొప్పాను. సిగ్గు ఒక క్షణమే ఉంది. తర్వాత ఒళ్లు తనంతట తను అందుకుంది, డాబా మీద సుబ్బులు నేర్పిన తాళంలో. పక్క బల్ల మీద క్లీనరు కూడా నోరు తెరిచింది. దాని నాలుక మీంచి పోతున్న గాలి నా నాలుక మీద చల్లగా తెలిసింది. వీపున కారుతున్న ధార ఆగింది. ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగింది. నాకు అది తెలుస్తూనే ఉంది, పోనీలే అనుకున్నాను.

జయరాజు ఎంతసేపు కుట్టాడో తెలియదు. థర్మామీటరు ఆనందు చదివాడు. బాజీ క్లీనర్ని వారం తర్వాత తీసుకెళ్లాడు, వెళ్తూ నాకు ఒక మూటెడు మిరపకాయలు ఇచ్చి కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. వద్దని, దాని సీటు పక్క కిటికీకి ఊచలు పెట్టించమన్నాను.

ఆ కార్తె వెళ్లేలోపు ఇంకా చాలా వచ్చాయి. నేనే పడుకున్నాను. ముసలి ఒళ్లు తొందరగా లొంగింది. నా జాకెట్లు కూడా ఇప్పుడు పొడిగానే ఉంటున్నాయి. పగలు గడప దాటను, చర్చికి సాయంత్రం ఆరాధనకే వెళ్తాను, ఇల్లే నాకు ఇక చాలు. జయరాజు పై గదికి ఏసీ పెట్టించాడు. కుక్కల మర్యాద నాకూ దక్కింది. పై సంవత్సరానికి మనిషి ఒళ్లు పాడుకాకుండా పట్టీలోనే రొప్పు పుట్టించే ఉపాయం దీవెన వెతుకుతోంది. కాగితాలన్నీ నా మంచం చుట్టూ పరుచుకుని కూర్చుంటుంది. దొరుకుతుందనే నా నమ్మకం. దొరికేదాకా నేనున్నాను.

మొన్న మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. అప్పుడే కింద ఒక బొచ్చుపిల్లి ప్రాణం నిలబెట్టి పైకి వచ్చాను. మంచం మీద పడి రొప్పుతున్నాను. దీవెన బకెట్టు తెచ్చుకుని, తువ్వాలు తడిపి, పిండి, నా చేతుల మీదా కాళ్ల మీదా వేస్తోంది. ఆరిపోగానే మళ్లీ తడుపుతోంది. కిటికీలు తెరిచినా గాలి లేదు. అలా వంగి నా మెడ కింద గుడ్డ సర్దుతుండగా ఆమె కణత దగ్గర నుంచి ఒక బొట్టు జారి నా మోచేతి మీద పడింది.

ఇద్దరం దాన్నే చూశాం. తువ్వాలు నీళ్లేమోనత్తయ్యా అంది దీవెన, ఆశపడటానికి భయపడుతూ. తుడిచెయ్యబోయింది.

నేను ఆమె చెయ్యి ఆపాను. ఆ బొట్టుని వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను.

ఉప్పగా ఉంది.